రామచిలకను కొని వదిలేస్తే పుణ్యమేనా?



పోయిన వారం వీడియోలో లేపాక్షి గురించి చెప్పుకుంటూ జటాయువు దగ్గర ఆపేశాను. టైమ్ అయిపోయింది. మిగతాది ఈ వారం చెబుదామనుకుంటుంటే ఈలోగా ఒక ఫోన్ వచ్చింది. ఆ ఫోన్ వల్ల ఈ వారం దారి కాస్త మారింది. జటాయువును వదలం, కానీ సంత మీదుగా వెళ్దాం.

అబ్బాయిది ధర్మవరం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పేరు వద్దులెండి. వాళ్ళమ్మగారికి ఆపరేషన్ అయింది. ఇంట్లో పెద్దవాళ్ళెవరో "పక్షుల్ని కొని వదిలిపెట్టు నాయనా, ప్రాణదానం అది, అమ్మకు ఆయుష్షు పెరుగుతుంది" అన్నారట. పాపం, అమ్మ అంటే ప్రాణం వాడికి. శుక్రవారం రాత్రి బస్సెక్కి వచ్చి, మనవైపే ఒక సంతలో ఆరు రామచిలకలు కొన్నాడు. అమ్మే ఆయన గోనెపట్టా కప్పిన పంజరం చూపించి "ఎన్ని కావల్ల సామీ, ఎన్నైనా ఇస్తా" అన్నాడట. వీడు బేరం కూడా ఆడలేదు. దేవుడి పనికి బేరమేంటి అనుకున్నాడు. బండి మీద పెనుకొండ కొండ కిందికి తీసుకెళ్ళి, గోవింద నామం చెప్పుకుని, పంజరం తలుపు తీశాడు.

నాలుగు కష్టం మీద ఎగిరి దగ్గర్లో ఉన్న చింతచెట్టు కొమ్మ పట్టుకున్నాయి. రెండు ఎగరలేదు. నేల మీదే గెంతుతున్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే రెక్కల ఈకలు కత్తిరించి ఉన్నాయి. ఒకదాన్ని వీధికుక్క నోట కరుచుకుని పోయింది, వీడు అరిచేలోపే. రెండోదాన్ని తువ్వాలులో చుట్టుకుని నాకు ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. "గురువుగారూ, నేను చేసింది పుణ్యమా పాపమా? ముందు అది చెప్పండి. తర్వాత ఈ చిలకను ఏం చెయ్యాలో చెప్పండి."

"వరస మార్చు నాన్నా" అన్నాను. "ముందు చిలక. దాన్ని దగ్గర్లో ఉన్న అటవీ శాఖ ఆఫీసుకు తీసుకెళ్ళి అప్పజెప్పు. జరిగింది జరిగినట్టు చెప్పు. పాపపుణ్యాల సంగతి ఫోన్లో తేలేది కాదు, కూర్చుని మాట్లాడుకుందాం."

ఆ కూర్చుని మాట్లాడుకోవడమే ఈ పోస్టు.

హిందూపురం నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. వీరభద్రస్వామి గుడి, వేలాడే స్తంభం, ఒకే రాతిలో చెక్కిన పెద్ద బసవన్న మీ అందరికీ ఫొటోల్లోనైనా తెలుసు. 2024 జనవరి 16న ప్రధాని ఆ గుడికి వచ్చి రంగనాథ రామాయణం విన్నప్పుడు దేశమంతా టీవీల్లో చూసింది. మన స్థలపురాణం ఏమంటుంది? రావణుడు రెక్కలు నరికేస్తే జటాయువు ఇక్కడే కూలిందని, రాముడొచ్చి "లే, పక్షీ" అన్నాడని, అదే ఊరి పేరయిందని. చరిత్రకారులు పేరుకు వేరే వ్యుత్పత్తులు చెప్పుకోవచ్చు. నాకు మాత్రం ఆ కథ ఈ నేల తనకు తాను పెట్టుకున్న ఒక గుర్తులా కనిపిస్తుంది. ఇన్ని ఊళ్ళుండగా, దెబ్బతిన్న ఒక పక్షిని దేవుడు పలకరించిన మాటను మనవాళ్ళు ఊరి పేరు చేసుకున్నారు.

రాముడు ఆ పక్షికి ఏం చేశాడో గుర్తు చేసుకోండి. సీత జాడ చెప్పి ప్రాణం వదిలితే కన్నతండ్రికి చేసినట్టు దహనం చేశాడు. గోదావరిలో దిగి తర్పణం వదిలాడు. దశరథుడికి అంత్యక్రియలు చేసే అవకాశం రాముడికి దక్కలేదు, జటాయువుకు చేసే అవకాశం దక్కింది. ఇంకో మాట గమనించండి. రావణుడు జటాయువును ఓడించిందెలా? రెక్కలు నరికి. ఆ ఊరికి ఇరవై ముప్పై మైళ్ళ దూరంలో మనం సంతలో నిలబడి, రెక్కలు కత్తిరించిన పక్షికి డబ్బులిచ్చి, అది పుణ్యం అనుకుంటున్నాం. పైగా దాని పేరేంటి? రామచిలక!

ఆ చిలకలు సంతకు ఎలా వస్తాయో చాలామందికి తెలియదు. మన పట్నం పిల్లలకు అసలే తెలియదు. చెట్టు తొర్రల్లో గూళ్ళు పెట్టుకున్నప్పుడు, ఇంకా ఎగరడం రాని పిల్లల్ని చెయ్యి పెట్టి లాగేస్తారు. పెద్దవాటిని వలలతో, కొమ్మలకు పూసిన జిగురుతో పడతారు. చీకటి బుట్టల్లో, సంచుల్లో కుక్కి తెస్తారు. దారిలో చచ్చేవి చస్తాయి. మిగిలినవాటికి రెక్కల ఈకలు కత్తిరిస్తారు, పారిపోకుండా. అంటే మీ చేతికి ఒక చిలక వచ్చిందంటే, దాని వెనక మీరు చూడని చిలకలు ఇంకొన్ని పోయాయన్నమాట.

ఇక వదలడానికే కొనేవాళ్ళ విషయం. వ్యాపారికి మీరెందుకు కొన్నారో అక్కర్లేదు. ఆరు అమ్ముడుపోయాయి, వచ్చే వారం పన్నెండు తేవాలి. అంతే లెక్క. మా అబ్బాయి బేరం ఆడకుండా కొన్నాడు చూశారూ, ఆ రోజు సంతలో అతనికంటే మంచి గిరాకీ ఆ వ్యాపారికి దొరికి ఉండదు. ఇది వినడానికి చేదుగా ఉంటుంది. వాడికీ చేదుగానే ఉండింది. కానీ దయతో ఇచ్చిన డబ్బు కూడా వలకు పెట్టుబడి అవుతుంది.

భద్రాచల రామదాసు గారి కథ మన తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. గోల్కొండ ఖైదులో పన్నెండేళ్ళు ఎందుకున్నాడయ్యా అంటే, పూర్వజన్మలో ఒక చిలకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడని పెద్దలు చెబుతారు. రోజుకో ఏడాది. భక్తుడే, గుడి కట్టించినవాడే, సాక్షాత్తు రామలక్ష్మణులు వచ్చి బాకీ తీర్చారని చెప్పుకునే మనిషే. అయినా పంజరం లెక్క పంజరం లెక్కే అని మన జానపదం తేల్చేసింది. చిన్నప్పుడు మా నాయనమ్మ ఈ కథ చెప్పినప్పుడు నేను "మరి చిలకజోస్యం ఆయన సంగతేంటి నాయనమ్మా" అని అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు, పడుకోమంది.

చట్టం కూడా ఈ విషయంలో మన జానపదం పక్షానే ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1990, 91 ప్రాంతం నుంచి మన దేశపు అడవి పక్షుల వ్యాపారం మొత్తం నిషేధం. చిలకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పంజరంలో పెట్టుకోవడం అన్నీ నేరమే. వరండాలో చిలక పంజరం వేలాడదీసి లోపల భాగవత సప్తాహం చేసుకునే ఇళ్ళు నేను చూశాను. శుకమహర్షి పేరులోనే చిలక ఉందని వాళ్ళకు తట్టదు. లవ్ బర్డ్స్, బడ్జీలు విదేశీ జాతులు కాబట్టి వాటి దారి వేరు. వాటిని అమ్మాలన్నా 2018 పెట్ షాప్ నియమాల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. వారపు సంతలో పెట్టే దుకాణమైనా సరే, ఆ నియమాల లెక్కలో పెట్ షాపే. ఎన్ని సంతల్లో అడిగే నాథుడున్నాడు అంటే, అది వేరే ప్రశ్న.

తాబేలు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన ఎండు భూముల్లో నక్షత్ర తాబేళ్ళు ఉంటాయి, వీపు మీద చుక్కలు పరిచినట్టుండేవి. ఇంట్లో పెట్టుకుంటే వాస్తుకు మంచిదని, లక్ష్మి నిలుస్తుందని కొనేవాళ్ళున్నారు, ముఖ్యంగా సిటీల్లో. కూర్మావతారం అని కొనడం, దాన్ని బాత్‌రూమ్ టబ్బులో పెట్టడం! అది నీటి తాబేలు కూడా కాదు నాయనా, మెట్ట తాబేలు. 2019లో అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందంలో దీన్ని అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న మొదటి జాబితాలోకి మార్చారు. మన పూజగది కోసం జరిగే దొంగతనం అంత దూరం వెళ్ళింది.

సరే, శాస్త్రం దగ్గరికి వద్దాం. ప్రాణం ఉన్నదాన్ని కొనడం, అమ్మడం గురించి మన ఇతిహాసం ఏమైనా చెప్పిందా? సూటిగా చెప్పింది. శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన జాజలి కథ అది.

జాజలి గొప్ప తపస్వి. సముద్ర తీరంలో కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే, ఆయన జటల్లో ఒక పిట్టల జంట గూడు కట్టింది. ఆయన కదలలేదు. గుడ్లు పెట్టాయి, కదలలేదు. పిల్లలయ్యాయి, రెక్కలొచ్చాయి, పొద్దున ఎగిరిపోయి సాయంత్రం వచ్చేవి. చివరికి ఒకసారి వెళ్ళినవి నెల గడిచినా రాలేదు. అప్పుడు కదిలాడు. అప్పుడే గర్వం వచ్చింది. చంకలు చరుచుకుని "నేను ధర్మం సాధించాను" అని అరిచాడు. ఆకాశం నుంచి ఒక మాట వినబడింది. వారణాసిలో తులాధారుడనే వర్తకుడున్నాడు, నువ్వు ఆయనకు సాటి రావు, ఆయన కూడా ఇలాంటి మాట అనడు అని. జాజలి కాశీ దాకా నడిచి వెళ్ళాడు. చూస్తే ఏముంది, ఒక కొట్టు, ఒక తక్కెడ, మూలికలూ సుగంధద్రవ్యాలూ అమ్ముకునే మనిషి.

ఆ తులాధారుడు చెప్పిన మాటల సారం నా భాషలో చెబుతాను. నా తక్కెడ అందరికీ ఒకటే. ఎవరి మీదా నాకు కోపం లేదు, ఎవరి దగ్గరా ఆశ లేదు. మనసుతో, మాటతో, చేతతో సర్వప్రాణులకూ స్నేహితుడిగా ఉండడమే నాకు తెలిసిన ధర్మం. ఆ తర్వాత ఆయన సంత గురించే మాట్లాడతాడు. ఎద్దుల ముక్కులు కుట్టి, మోయలేని బరువు వేసి, కట్టేసి, కొట్టేవాళ్ళ గురించి మాట్లాడతాడు. పంచేంద్రియాలున్న ప్రతి జీవిలో సూర్యుడూ చంద్రుడూ వాయువూ ప్రాణమూ కొలువుంటే, అలాంటిదాన్ని అమ్ముకుని బతకడమేమిటని అడుగుతాడు. మేక అగ్ని, గొర్రె వరుణుడు, గుర్రం సూర్యుడు, ఆవూ దూడా సోముడు. వీటిని సరుకులా చూసేవాడికి సిద్ధి లేదంటాడు. చెబుతున్నది అడవిలో ముని కాదు, తక్కెడ పట్టుకున్న కోమటి. అందుకే ఆ మాటకు అంత బరువు.

ఇక్కడ కథ ఆపేసి "కాబట్టి అమ్మకూడదు" అని తేల్చేస్తే నాకు సులువు. చాలామంది అక్కడే ఆపేస్తారు. కానీ వ్యాసుడు ఆపలేదు. జాజలి వెంటనే ఎదురు తిరుగుతాడు. నువ్వు మాట్లాడేది నాస్తికుడి మాటలా ఉంది, ఎద్దులు లేకుండా సేద్యం ఎలా, సేద్యం లేకుండా అన్నం ఎలా, లోకం ఎలా నడుస్తుంది అంటాడు. ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఎందుకంటే ఇది మా అనంతపురం రైతు అడిగే ప్రశ్న.

ఇప్పుడు మన శ్రీ సత్యసాయి జిల్లా, 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో భాగం. దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటి. వేరుశనగ వేసి ఆకాశం వంక చూసే నేల. వాన లేని ఏడు కట్టె కూడా రాదు, అంటే మేత ఉండదు. మేత లేకపోతే ఎద్దులను ఏం చేస్తాడు? ఒక రైతు నాతో అన్న మాట నేను మర్చిపోలేను. "నీళ్ళు ల్యాకపాయ, మేత ల్యాకపాయ, కళ్ళముందర ఎండి సావాల్నా సామీ? ఇంగొకరి దొడ్లోనన్నా బతకనీ అని తోలకపోతాండా." సంతలో తాడు చేతులు మారేటప్పుడు ఆ మనిషి ఎద్దు గంగడోలు నిమిరి, మళ్ళీ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతాడు. సంత అంటే వాడికి వ్యాపారం కాదు, కరువుకు చివరి తలుపు. ఆ తలుపు మూసెయ్యమని ఏసీ గదిలో కూర్చుని నేను చెప్పలేను.

2017లో ఒకసారి ఆ తలుపు దాదాపు మూతబడింది. మే 23న కేంద్ర పర్యావరణ శాఖ పశువుల సంతల నియంత్రణ నియమాలు తెచ్చింది. అందులో ఒక్క మాట మీదే దేశమంతా గొడవ అయింది: వధ కోసం సంతలో పశువును అమ్మకూడదు అన్న నిబంధన. మే 30న మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం స్టే ఇచ్చింది. జూలై 11న సుప్రీంకోర్టు ఆ స్టేను దేశమంతటికీ వర్తింపజేసింది. 2018లో ఆ నిబంధన లేకుండా కేంద్రం కొత్త ముసాయిదా బయటపెట్టింది. ఇది అందరికీ తెలిసిన భాగం.

తెలియని భాగం ఒకటుంది. ఆ 2017 నియమాల్లో రాష్ట్ర సరిహద్దుకు 25 కిలోమీటర్ల లోపు పశువుల సంతే ఉండకూడదని రాశారు. హిందూపురం నుంచి కర్ణాటక ఎంత దూరం? టీ తాగడానికి వెళ్ళొచ్చేంత దూరం. మన రైతు మడకశిర నుంచి, లేపాక్షి నుంచి ఎద్దును తోలుకుని ఎక్కడికి పోవాలి? అంత దూరం నడిపిస్తే ఎద్దుకు హింస, లారీ ఎక్కిస్తే ఇంకా హింస. హింస ఆపడానికి తెచ్చిన నియమమే అది! కొమ్ములకు రంగులు వెయ్యడం, అలంకారాలు కట్టడం కూడా క్రూరమైన పనుల జాబితాలో పెట్టారు. కనుమ నాడు కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి, పొంగలి తినిపించే మన ఇళ్ళను చూడని వాళ్ళెవరో రాసి ఉంటారు.

కానీ అవే నియమాల్లో మంచి విషయాలు ఎన్నో ఉన్నాయి. సంతలో తాగే నీళ్ళుండాలి. నీడ ఉండాలి. మేత ఉండాలి. లారీ ఎక్కించడానికి ర్యాంపు ఉండాలి, తోక మెలేసి తొయ్యకూడదు. పశువైద్యుడుండాలి. చూలుతో ఉన్నదాన్ని, జబ్బుతో ఉన్నదాన్ని, పసిదూడను అమ్మకూడదు. తిండి గురించి, మతం గురించి టీవీల్లో మనం నెలల తరబడి అరుచుకున్నాం. ఆ అరుపుల్లో నీళ్ళ తొట్టి కొట్టుకుపోయింది. ఆవు ఎవరిది అని పోట్లాడుకున్నవాళ్ళలో ఆవుకు దాహం వేస్తోందా అని అడిగినవాళ్ళు తక్కువ.

ఇక్కడ మన తమ్ముళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పాలి. అర్ధరాత్రి హైవే మీద లారీ ఆపి, డ్రైవర్‌ను కిందికి లాగి కొట్టి, ఆ వీడియో పెట్టి "గోసేవ" అని రాసుకోవడం ధర్మం కాదు. తులాధారుడు సర్వప్రాణులకూ స్నేహితుడు అన్నాడు, ఆ డ్రైవర్ ప్రాణి కాదా? అనుమానం ఉంటే బండి నంబరు రాసుకోండి, పోలీసులకు ఫోన్ చెయ్యండి. లారీలో ఒక ఆవుకు కనీసం రెండు చదరపు మీటర్ల చోటు ఉండాలని మోటారు వాహనాల నిబంధనే ఉంది. మీ చెయ్యి అక్కర్లేదు.

పెనుకొండ దగ్గర 44వ నంబరు హైవే మీద ప్రయాణం చేసేవాళ్ళు ఒకటి గమనించే ఉంటారు. ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు మోసుకెళ్ళే పెద్ద ట్రెయిలర్లు వెళ్తుంటాయి. ఒక్కో కారుకూ చక్రాలకు బెల్టులు, మధ్యలో ఖాళీ, గీత పడకుండా ఎంత జాగ్రత్త! దాని వెనకే ఒక గొర్రెల లారీ వస్తుంది. రెండు అంతస్తులు, పై గొర్రె మూత్రం కింది గొర్రె మీద, కాలు విరిగినా పడిపోవడానికి చోటుండదు. కారు మీద గీత పడితే కొన్నవాడు ఒప్పుకోడు. గొర్రెను కొన్నవాడు ఏమీ అడగడు. తేడా అక్కడుంది. కొనేవాడు అడిగితే అమ్మేవాడు మారతాడు.

ధర్మవ్యాధుడి పేరు కూడా ఇక్కడ తీసుకురావాలి, లేకపోతే మనం ఏకపక్షంగా మాట్లాడినట్టవుతుంది. అరణ్యపర్వంలో మిథిల మాంసం కొట్టు దగ్గర కూర్చుని కౌశికుడికి ధర్మం చెప్పింది ఒక వ్యాధుడు. ఒకే భారతంలో రెండు కొట్లు ఉన్నాయి: ప్రాణిని అమ్మడం తప్పన్న తులాధారుడిది ఒకటి, మాంసం అమ్ముతూనే గురువైన ధర్మవ్యాధుడిది ఒకటి. వ్యాసుడు ఇద్దరినీ ఉంచాడు. నాగలి కింద కూడా ఎన్నో ప్రాణాలు పోతాయని ఆ వ్యాధుడే గుర్తు చేస్తాడు. కాబట్టి ఎవరి పళ్ళెంలో ఏముందో వెతకడం నా పని కాదు. తినేవాడైనా, తిననివాడైనా, బతికి ఉన్నంతసేపు దానికి దాహం, నొప్పి, భయం ఉంటాయని ఒప్పుకుంటే చాలు, మన మాట ముందుకు వెళ్తుంది.

కోళ్ళను చూడండి. కాళ్ళు కట్టి, తల కిందులుగా, బైకు హ్యాండిల్‌కు గుత్తులు గుత్తులుగా వేలాడదీసి తీసుకెళ్తారు. అనవసరమైన బాధ కలిగే భంగిమలో ఏ జంతువునైనా మోసుకెళ్ళడం నేరమని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పదకొండో సెక్షన్ చెబుతోంది. మొదటిసారి తప్పుకు జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయలకు తక్కువ కాకుండా, యాభై రూపాయలకు మించకుండా. అరవై ఏళ్ళు దాటినా అంతే. ఆ డబ్బుకు హిందూపురం బస్టాండులో టీ, బన్ను వస్తాయి.

జాతరల్లో అమ్మే రంగు కోడిపిల్లలు మరీ అన్యాయం. గులాబీ, ఆకుపచ్చ, నారింజ. మీలో చాలామంది చిన్నప్పుడు ఒకటి కొనిపించుకుని ఉంటారు, నేనూ ఏడ్చి కొనిపించుకున్నాను. గుడ్లు పెట్టే జాతిలో పుంజుపిల్లలు హేచరీకి పనికిరావు. వాటిని రంగుల్లో ముంచి బుట్టల్లో పోసి పిల్లలకు అమ్ముతారు. వెచ్చదనం లేక, తల్లి లేక, రెండు మూడు రోజుల్లో చచ్చిపోతాయి. నాది రెండో రోజు పొద్దున అట్టపెట్టెలో కదలకుండా పడుంది. మా నాన్న "పోనీలే, ఇంకోటి కొందాం" అన్నారు. ఓదార్చడానికే అన్నారు, ప్రేమతోనే. కానీ ఒక ప్రాణం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చన్నది ఆ రోజు నేను నేర్చుకున్న పాఠం. దాన్ని మర్చిపోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు నాకే గుచ్చుకునే విషయం ఒకటి. హిందూపురంలో ప్రాణమున్న జీవుల సంత అంటే ఎద్దుల సంత ఒక్కటే కాదు, పట్టుగూళ్ళ మార్కెట్టు కూడా. అది పేరున్న మార్కెట్టు. రైతులు గూళ్ళు తెస్తారు, రీలర్లు వేలంలో పాడుకుంటారు. ఆ గూటిలో ఉన్నది బతికున్న పురుగే. సీతాకోకలా మారి బయటికొస్తే దారం తెగిపోతుంది కాబట్టి, రాకముందే వేడికి చంపి, మరిగే నీళ్ళలో వేసి దారం తీస్తారు. ఆ దారమే ధర్మవరం మగ్గాలెక్కి పెళ్ళి చీర అవుతుంది. ఒక్క చీరకు వేల గూళ్ళు. నేను ఈ ప్రవచనం చెప్పేటప్పుడు కట్టుకున్నది ధర్మవరం పట్టుపంచే. జంతువుల మీద దయ గురించి పట్టుపంచె కట్టుకుని చెబుతున్నాను, చూశారా.

పట్టు మానెయ్యండి అని నేను అనలేను. మల్బరీ రైతు, నేతన్న, వాళ్ళ ఇళ్ళు నాకు తెలుసు. మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. అయితే దారి అసలే లేదా అంటే, ఉంది. ఆర్. వెంకట్రామన్ గారు రాష్ట్రపతిగా ఉన్న రోజుల్లో వారి సతీమణి జానకి గారు పురుగును చంపకుండా పట్టుచీర రాదా అని అడిగారట. ఆ ప్రశ్నను పట్టుకుని హైదరాబాద్‌లో చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు చేసి చూపించారు. పురుగు గూడు చీల్చుకుని ఎగిరిపోయాక, తెగిన దారాన్ని పత్తిలా వడికి నేస్తారు. అహింసా పట్టు అంటారు. మెరుపు కాస్త తక్కువ, ధర ఎక్కువ. నేను ఇంకా కొనలేదు. పూజకు నూలుపంచె చాలదా అని మా ఆవిడ అడుగుతోంది. ఆవిడ ప్రశ్నకు కూడా నా దగ్గర ఇప్పటికి జవాబు లేదు.

మరి సంతను ఏం చెయ్యాలి? మీలో చాలామంది ఊరు వదిలి వచ్చారు, పండక్కి వెళ్తారు. ఈసారి వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. ఊళ్ళో సంత ఉంటే దాని ఆశీలు వసూలు హక్కును పంచాయతీయో, మున్సిపాలిటీయో వేలం వేస్తుంది. పాడుకున్నవాడు తలకింత అని పశువుకు డబ్బు వసూలు చేస్తాడు. ఆ డబ్బు పశువు పేరు మీద వచ్చింది కదా, పశువుకు నీళ్ళ తొట్టి ఎక్కడ అని గ్రామసభలో అడగండి. వేలం షరతుల్లోనే నీళ్ళు, నీడ, ర్యాంపు రాయమనండి. మీ పెదనాన్నలు, మేనమామలే అక్కడ పెద్దమనుషులు. "ఏమప్పా, పట్నం పొయ్యొచ్చి మాకు చెప్తాండావా" అంటారు, అననివ్వండి. దీనికి సుప్రీంకోర్టు స్టే అడ్డు రాదు. గొడవంతా వధ గురించే కానీ, నీళ్ళు పెట్టొద్దని ఏ కోర్టూ అనలేదు. చిలకలు, తాబేళ్ళు కనబడితే కొనకండి, ఎంత జాలేసినా. ఫొటో తీసి అటవీ శాఖకు చెప్పండి. పశువు కూలబడి ఉంటే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. జిల్లాలో జంతు హింస నివారణ సంఘం ఉండాలని 2001 నుంచి నియమం ఉంది. అది కూర్చుంటోందా లేదా అని ఒక అర్జీ పెట్టి అడగొచ్చు.

అమ్మేవాడిని తిట్టకండి. చ్యవనుడి కథ గుర్తు పెట్టుకోండి, అనుశాసనపర్వంలోది. గంగా యమునల సంగమంలో నీళ్ళలో తపస్సు చేస్తున్న ఆ మహర్షి జాలర్ల వలలో చేపలతో పాటు పడ్డాడు. జాలర్లు హడలిపోయారు. ఆయన శపించలేదు. ఈ చేపలతో ఇన్నాళ్ళు కలిసి ఉన్నాను, వీటితోనే చస్తాను, లేదా వీటితోనే అమ్ముడుపోతాను అన్నాడు. నహుషుడు వచ్చి వెయ్యి ఇస్తానన్నాడు, లక్ష అన్నాడు, సగం రాజ్యం, మొత్తం రాజ్యం అన్నాడు. ఏదీ సరైన వెల కాదన్నాడు మహర్షి. చివరికి ఒక ఆవును వెలగా ఇస్తే లేచాడు. ఆ తర్వాత ఆ జాలర్లూ, ఆ చేపలూ కూడా స్వర్గానికి వెళ్ళారని కథ. వల వేసినవాడినీ, వలలో పడినదాన్నీ ఒకే చోటికి పంపాడు. పక్షులు పట్టేవాళ్ళు చాలావరకు భూమి లేని, వేరే పని దొరకని కుటుంబాలు. వాళ్ళకు ఇంకో పని చూపించకుండా పంజరం ఒక్కటే లాక్కుంటే, అది సగం పనే.

ఇక మా అబ్బాయి ప్రశ్న. పుణ్యమా, పాపమా? ఆదివారం సాయంత్రం మా ఇంటికొచ్చి మళ్ళీ అడిగాడు. నేనన్నాను: "అమ్మ కోసం చేశావు, ఆ ప్రేమలో తప్పు లేదు. తెలియక చేశావు, దాని ఫలితం నీ కళ్ళముందే కుక్క నోట్లో చూశావు. ఆ రెండిటినీ కొట్టేసుకుని సున్నా చెయ్యమని నన్నడగకు, నా దగ్గర ఆ తక్కెడ లేదు. ఇప్పుడు తెలిసింది కదా, ఇక మీదట చేసేదే నీ ప్రాణదానం." వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మకు ఈ సంగతి చెప్పాలా వద్దా అని అడిగాడు. చెప్పమన్నాను. ఆవిడ పేరు మీద జరిగిన పని, ఆవిడకు తెలియాలి.

మొన్న మెసేజ్ పెట్టాడు. చిలకను అటవీ శాఖ వాళ్ళు తీసుకున్నారు. కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి రావడానికి నెలలు పడుతుందట, అప్పటిదాకా ఎగరలేదు. అమ్మకు చెప్పాడు. ఆవిడ కాసేపు ఏమీ అనలేదట. తర్వాత, "మిగతా నాలుగూ ఆ చింతచెట్టు మీదే ఉన్నాయేమో, ఒకసారి చూసి రా" అన్నారట. ఈ శనివారం పెనుకొండ వెళ్తున్నాడు.